షేక్‌లు వందమంది, కస్టమర్ ఒక్కరే: పైథాన్ లైబ్రరీతో సేల్స్‌ఫోర్స్ వివరాలు అందుకోవడం ఎలా?

హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు చదువుకుంటూ నడిస్తే జావా, పైథాన్‌ల పక్కనే సేల్స్‌ఫోర్స్ అనే పేరు కూడా కనబడుతుంది. "మా అబ్బాయి సేల్స్‌ఫోర్స్ నేర్చుకుంటున్నాడు", "మా అమ్మాయికి అందులోనే జాబ్ వచ్చింది" అనే మాటలు ఇప్పుడు చాలా ఇళ్లలో మామూలైపోయాయి. కానీ అదేం పని అని అడిగితే పెద్దవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం పిల్లలకు కష్టంగానే ఉంటుంది. సేల్స్‌ఫోర్స్ అంటే ఏమిటి, పైథాన్ ప్రోగ్రాం రాసి అందులోని వివరాలను ఎలా తీసుకోవాలి, ఎక్కడ పొరపాటు జరిగే అవకాశం ఉంది అన్న విషయాలు ఈ వ్యాసంలో ఉన్నాయి. నేర్చుకునే పిల్లలకూ, చిన్న వ్యాపారం నడిపే కుటుంబాలకూ ఇవి పనికొస్తాయి.

సేల్స్‌ఫోర్స్ అంటే

ప్రతి షాపులో ఒక ఖాతా పుస్తకం ఉంటుంది. ఎవరు వచ్చారు, ఏం కొన్నారు, ఎంత బాకీ, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేయాలి అన్నీ అందులోనే రాసుకుంటారు. పెద్ద కంపెనీలకు కస్టమర్లు లక్షల్లో ఉంటారు, వాళ్లతో మాట్లాడే ఉద్యోగులు వందల్లో ఉంటారు. అందరూ ఒకే పుస్తకం చూడాలి, అందరూ అందులోనే రాయాలి. ఇలాంటి పుస్తకాన్ని కంప్యూటర్‌లో నడిపే పద్ధతినే కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్ అంటారు, పొట్టిగా సీఆర్‌ఎం.

1999లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ బెనియాఫ్, పార్కర్ హ్యారిస్, మరో ఇద్దరు కలిసి సేల్స్‌ఫోర్స్‌ను మొదలుపెట్టారు. అప్పట్లో సాఫ్ట్‌వేర్ అంటే సీడీ కొని ఆఫీసు కంప్యూటర్లలో ఎక్కించుకునేదే. వీళ్లు ఆ పద్ధతి మార్చి, ఇంటర్నెట్‌లో బ్రౌజర్ తెరిచి వాడుకునే సేవగా ఇచ్చారు. 2004లో కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. అక్కడ దాని గుర్తు కూడా సీఆర్‌ఎం అన్న మూడక్షరాలే. ఈ కంపెనీకి హైదరాబాద్‌లో కూడా ఆఫీసు ఉంది.

ఇందులో సమాచారాన్ని రకాలవారీగా దాస్తారు. ఒక్కో రకాన్ని ఆబ్జెక్ట్ అంటారు. ఇంకా కస్టమర్ కాని, ఆసక్తి చూపిన మనిషి వివరం లీడ్. కొనే సంస్థ వివరం అకౌంట్. ఆ సంస్థలో మనం మాట్లాడే మనిషి కాంటాక్ట్. కుదరబోయే బేరం ఆపర్చునిటీ. ఒక్కో మనిషికి లేదా బేరానికి సంబంధించిన వరుసను రికార్డ్ అంటారు. రికార్డులోని పేరు, ఫోన్, ఊరు లాంటి గడులు ఫీల్డులు.

బ్రౌజర్ ఉండగా ప్రోగ్రాం ఎందుకు?

పదిమంది వివరాలు ఎక్కించాలంటే బ్రౌజర్‌లో కూర్చుని టైప్ చేయొచ్చు. కానీ ఒక ఫర్నిచర్ షోరూమ్‌కు మూడు బ్రాంచీలు ఉన్నాయనుకుందాం. రోజూ రాత్రి మూడు చోట్ల బిల్లింగ్ కంప్యూటర్ల నుంచి కొత్త కస్టమర్ల వివరాలు సేల్స్‌ఫోర్స్‌లోకి చేరాలి. దీనికోసం ఒక మనిషిని కూర్చోబెడితే జీతం దండగ, పైగా తప్పులు. ఆ పని ప్రోగ్రాంకి అప్పగిస్తారు.

ప్రోగ్రాం బ్రౌజర్‌లోని బటన్లు నొక్కదు. ప్రోగ్రాములు వచ్చి అడగడానికి సేల్స్‌ఫోర్స్ వేరే గుమ్మం పెట్టింది. దాన్ని ఏపీఐ అంటారు. ఫలానా అడ్రసుకు ఫలానా రూపంలో అడిగితే జవాబు ఇస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడేది రెస్ట్ ఏపీఐ. ప్రశ్నా జవాబూ జేసన్ అనే రూపంలో వెళ్తాయి, వస్తాయి.

ఇదంతా చేతితో రాయాలంటే లాగిన్ కావాలి, సెషన్ గుర్తు దాచాలి, అడ్రసులు కట్టాలి, జవాబు విప్పాలి, తప్పు వస్తే గుర్తుపట్టాలి. ప్రతి ప్రోగ్రాంలో మళ్లీ మళ్లీ అదే గొడవ. అందుకే ఎవరో ఒకసారి శుభ్రంగా రాసి పెట్టిన ప్రోగ్రాం ముక్కలను అందరూ వాడుకుంటారు. అలాంటి మూటనే లైబ్రరీ అంటారు. పైథాన్ భాషలో సేల్స్‌ఫోర్స్ కోసం బాగా వాడుకలో ఉన్న లైబ్రరీ పేరు సింపుల్ సేల్స్‌ఫోర్స్. ఇది ఓపెన్ సోర్స్. డబ్బు కట్టక్కర్లేదు, కోడ్ ఎవరైనా చూసుకోవచ్చు.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ వ్యాసంలో కమాండ్ల పేర్లు తెలుగులో ఉన్నా, ప్రోగ్రాంలో మాత్రం వాటిని ఇంగ్లిషు అక్షరాల్లోనే టైప్ చేయాలి.

మొదటి అడుగు: ప్రాక్టీసు ఖాతా, లాగిన్

నేర్చుకునేవాళ్లు కంపెనీ అసలు ఖాతాపై ప్రయోగాలు చేయకూడదు. సేల్స్‌ఫోర్స్ డెవలపర్ ఎడిషన్ పేరుతో ఉచిత ఖాతా ఇస్తుంది. అందులో ఎన్ని తప్పులు చేసినా ఎవరికీ నష్టం లేదు. కంపెనీల్లో అయితే అసలు ఖాతాకు నకలుగా శాండ్‌బాక్స్ అనేది ఉంటుంది. ముందు అక్కడ నడిపి చూడాలి.

కంప్యూటర్‌లో పైథాన్ ఉంటే, పిప్ ఇన్‌స్టాల్ అని రాసి పక్కన లైబ్రరీ పేరు రాస్తే సరిపోతుంది. ఒక నిమిషంలో దిగిపోతుంది.

లాగిన్‌కు రెండు దారులున్నాయి. పాత దారిలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, సెక్యూరిటీ టోకెన్ అనే మూడు ఇవ్వాలి. టోకెన్ అనేది సేల్స్‌ఫోర్స్ ఈమెయిల్‌కు పంపే పొడవాటి అక్షరాల వరుస. పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ పాత టోకెన్ చెల్లకుండా పోయి కొత్తది వస్తుంది. నిన్నటి దాకా నడిచిన ప్రోగ్రాం ఈ రోజు ఆగిపోయిందంటే చాలాసార్లు ఇదే కారణం. శాండ్‌బాక్స్‌లోకి వెళ్లాలంటే డొమైన్ అనే చోట టెస్ట్ అని కూడా రాయాలి. పాస్‌వర్డ్ తప్పయినా, టోకెన్ తప్పయినా, డొమైన్ తప్పయినా వచ్చే సందేశం ఒకటే: ఇన్‌వాలిడ్ లాగిన్. కాబట్టి మూడూ ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి.

ఈ పాత దారిని సేల్స్‌ఫోర్స్ మెల్లగా మూసేస్తోంది. కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లు ఓఆత్ దారి నేర్చుకోవడం మంచిది. సేల్స్‌ఫోర్స్ సెట్టింగుల్లో మన ప్రోగ్రాంను ఒక యాప్‌గా నమోదు చేస్తే కన్స్యూమర్ కీ, కన్స్యూమర్ సీక్రెట్ అని రెండు వస్తాయి. ఆ రెండూ, కంపెనీ సొంత డొమైన్ పేరూ లైబ్రరీకి ఇస్తే లోపలికి వెళ్లిపోతుంది. ఏ మనిషి పాస్‌వర్డూ ప్రోగ్రాంకి చెప్పే పని ఉండదు.

నాలుగు ముఖ్యమైన పనులు

లాగిన్ అయ్యాక మిగతాది సులువు. ఆబ్జెక్ట్ పేరు రాసి, చుక్క పెట్టి, చేయాల్సిన పని రాయాలి.

క్రియేట్: కొత్త రికార్డ్ చేరుస్తుంది. కాంటాక్ట్‌కు లాస్ట్ నేమ్ తప్పనిసరి. లీడ్‌కు లాస్ట్ నేమ్, కంపెనీ పేరు రెండూ కావాలి. పని అయితే కొత్త ఐడీ చేతికి వస్తుంది.

గెట్: ఐడీ ఇస్తే ఆ రికార్డులోని వివరాలన్నీ తెస్తుంది.

అప్‌డేట్: ఐడీ, మార్చాల్సిన ఫీల్డులు ఇవ్వాలి. ఇచ్చిన ఫీల్డులే మారతాయి, మిగతావి అలాగే ఉంటాయి. జవాబుగా 204 అనే అంకె వస్తే పని అయినట్టే.

డిలీట్: రికార్డును తీసేస్తుంది. అది 15 రోజులపాటు రీసైకిల్ బిన్‌లో ఉంటుంది. ఆలోగా తెలుసుకుంటే తిరిగి తెచ్చుకోవచ్చు.

ఐడీ విషయంలో ఒక చిక్కుంది. అదే ఐడీ కొన్నిచోట్ల 15 అక్షరాలుగా, కొన్నిచోట్ల 18 అక్షరాలుగా కనిపిస్తుంది. 15 అక్షరాల దాంట్లో పెద్ద ఏ, చిన్న ఏ వేర్వేరు. ఎక్సెల్‌లోని వీలుకప్ మాత్రం రెంటినీ ఒకటే అనుకుంటుంది. ఇద్దరు కస్టమర్ల వివరాలు తారుమారయ్యేది ఇలాంటి చోటే. అందుకే ఎప్పుడూ 18 అక్షరాల ఐడీనే వాడాలి. ఏపీఐ ఇచ్చేది కూడా అదే.

ప్రశ్న అడిగి వివరాలు తెచ్చుకోవడం

"గుంటూరులో ఉన్న కాంటాక్టుల పేర్లు, ఫోన్లు ఇవ్వు" అని అడగడానికి ఎస్‌ఓక్యూఎల్ అనే ప్రశ్నల భాష ఉంది. ఎస్‌క్యూఎల్ తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కాకపోతే స్టార్ గుర్తు పెట్టి అన్నీ ఇవ్వమంటే కుదరదు. కావాల్సిన ఫీల్డుల పేర్లు చెప్పాలి. గత 30 రోజుల్లో చేరినవాళ్లు కావాలంటే తేదీలు లెక్కవేయకుండా నేరుగా అడిగే వీలు కూడా ఉంది.

ఇక్కడ కొత్తవాళ్లు ఎక్కువగా పడే గుంట ఒకటి ఉంది. సేల్స్‌ఫోర్స్ మామూలుగా ఒక్క విడతలో 2,000 రికార్డుల వరకే ఇస్తుంది. క్వెరీ అనే కమాండ్ మొదటి విడతతో ఆగిపోతుంది. తప్పేమీ చూపించదు. దాంతో 5,000 మంది కస్టమర్లున్న కంపెనీలో 2,000 మందితోనే రిపోర్టు తయారైపోతుంది. జవాబులో టోటల్ సైజ్ అనే చోట అసలు సంఖ్య, డన్ అనే చోట అయిందా లేదా అనే మాట ఉంటాయి. అవి చూసుకోవాలి. లేదా క్వెరీ ఆల్ అనే కమాండ్ వాడితే విడతలన్నీ అదే తెచ్చి కలుపుతుంది.

వెబ్‌సైట్‌లో ఎవరో టైప్ చేసిన మాటను ఉన్నదున్నట్టు ప్రశ్నలో అతికించకూడదు. అందులో కొటేషన్ గుర్తు ఉంటే ప్రశ్న విరిగిపోతుంది. దురుద్దేశంతో రాసినవాడైతే చూడకూడని వివరాలు కూడా లాగేస్తాడు. దీనికి లైబ్రరీలోనే ఫార్మాట్ ఎస్‌ఓక్యూఎల్ అనే సాయం ఉంది.

పేరుతో వెతికితే వచ్చే చిక్కు

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. మనవాళ్ల ఇళ్లలో ఆధార్, పాస్‌పోర్టు, స్కూలు సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

రాత్రి నడిచే ప్రోగ్రాం కొత్త బిల్లు చూసి, ఈ మనిషి ముందే మన దగ్గర ఉన్నారా లేదా తేల్చుకోవాలి. పేరు పోల్చి చూస్తే సరిపోదా అనిపిస్తుంది. కానీ షేక్ అనే మాటనే ఇంగ్లిషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. కొందరు ఎస్‌కే అని పొట్టిగా రాస్తారు. మొహమ్మద్‌కూ అంతే, ఎండీ అని రెండక్షరాల్లో ముగించేవాళ్లూ ఉన్నారు. పేరుతో పోలిస్తే ఒకే మనిషికి మూడు రికార్డులు తయారవుతాయి. తలకిందులుగా కూడా జరుగుతుంది. షేక్ మస్తాన్ అనే పేరున్నవాళ్లు ఒక్క ఊళ్లోనే చాలామంది ఉండొచ్చు. ప్రోగ్రాం వాళ్లందరినీ ఒక్కరే అనుకుంటే ఒకరి బాకీ ఇంకొకరి ఖాతాలో పడుతుంది. సోఫా ఒక వీధికి, వాయిదా కట్టమనే ఫోన్ ఇంకో వీధికి వెళ్తుంది. బాకీ లేని మనిషికి నలుగురిలో ఆ ఫోన్ వస్తే పోయేది పరువు.

పోనీ ఫోన్ నంబరుతో పోలుద్దామంటే, చాలా ఇళ్లలో తల్లికీ కొడుక్కీ ఒకటే నంబరు రాయిస్తారు. పైగా ఆ నంబరును ఒకరు సున్నాతో, ఒకరు ప్లస్ 91తో రాస్తారు. ఎక్సెల్ దాన్ని లెక్క అంకెగా మార్చి పాడుచేయడం కూడా మామూలే.

దీనికి సరైన దారి ఎక్స్‌టర్నల్ ఐడీ. షోరూమ్ బిల్లింగ్‌లో ప్రతి కస్టమర్‌కూ సొంత నంబరు ఉంటుంది కదా. సేల్స్‌ఫోర్స్‌లో దానికోసం ఒక కొత్త ఫీల్డ్ చేసి, ఇది ఎక్స్‌టర్నల్ ఐడీ, ఇది ఎవరికీ రెండోసారి రాకూడదు అని గుర్తు పెట్టాలి. తర్వాత లైబ్రరీలో క్రియేట్‌కు బదులు అప్సర్ట్ అనే కమాండ్ వాడాలి. ఆ నంబరు ముందే ఉంటే అప్సర్ట్ పాత రికార్డునే సవరిస్తుంది, లేకపోతే కొత్తది చేరుస్తుంది. ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయి రెండోసారి నడిచినా ఒకే మనిషి రెండుసార్లు చేరడు. రాకూడదు అనే గుర్తు పెట్టడం మర్చిపోయి, ఆ నంబరుతో ఇద్దరు దొరికితే లైబ్రరీ ఊహించి ఎవరినో ఒకరిని మార్చేయదు. ఒకటికన్నా ఎక్కువ రికార్డులు ఉన్నాయని చెప్పి ఆగుతుంది.

పేరు ఫీల్డుల విషయంలో కూడా ముందే ఒక నియమం పెట్టుకోవాలి. లాస్ట్ నేమ్ తప్పనిసరి కాబట్టి ఒక్క మాట పేరున్నవాళ్లకు ఆ పేరే అందులో రాయాలి. చుక్కలు, గీతలు పెట్టి సరిపుచ్చకూడదు. ఇంటిపేరులా ముందు వచ్చే షేక్, సయ్యద్, పఠాన్ లాంటివి ఏ ఫీల్డులో పెట్టాలో మూడు బ్రాంచీల్లోనూ ఒకటే పద్ధతి ఉండాలి. లేకపోతే పండగ శుభాకాంక్షల మెసేజ్ వెళ్లినప్పుడు వందమందికి "డియర్ షేక్" అనే వెళ్తుంది. పిలిచే పేరు అని విడిగా ఒక ఫీల్డ్ చేసుకుంటే ఈ బాధ ఉండదు. పేర్లు తెలుగు లిపిలో, ఉర్దూ లిపిలో కూడా దాచుకోవచ్చు. ఎక్సెల్ నుంచి ఫైలు తీసేటప్పుడు మాత్రం యూటీఎఫ్-8 రూపంలో సేవ్ చేయాలి, లేదంటే అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి.

రోజువారీ పరిమితి, మూకుమ్మడి పని

ఏపీఐని ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు పిలవడానికి వీల్లేదు. డెవలపర్ ఎడిషన్‌లో 24 గంటలకు 15,000 పిలుపులు. కంపెనీ ఖాతాల్లో తీసుకున్న లైసెన్సులను బట్టి ఈ లెక్క మారుతుంది.

15,000 చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ 5 నిమిషాలకోసారి నడిచే ప్రోగ్రాం రోజుకు 288 సార్లు నడుస్తుంది. ప్రతిసారీ 60 మంది వివరాలు ఒక్కొక్కటిగా గెట్‌తో తెస్తే 17,280 పిలుపులవుతాయి. రోజు ముగిసేలోపే కోటా అయిపోయి ప్రోగ్రాం ఆగిపోతుంది. ఆ 60 మందినీ ఒకే ప్రశ్నలో అడిగితే రోజంతా కలిపి 288 పిలుపులే.

వేలమందిని ఒకేసారి ఎక్కించాలంటే లైబ్రరీలోని బల్క్ పద్ధతి వాడాలి. ఒక్కో కట్టలో 10,000 రికార్డుల వరకు పెట్టొచ్చు. అయితే కట్టలో 9,950 చేరి 50 తిరగబడొచ్చు. ప్రోగ్రాం మాత్రం తాపీగా ముగుస్తుంది. బల్క్ ఇచ్చే జవాబులో ప్రతి రికార్డుకూ విడిగా సక్సెస్ అవునా కాదా అని ఉంటుంది. కానివాటిని వేరే ఫైలులో రాసుకుని, మర్నాడు మనిషి చూసి సరిచేయాలి.

బల్క్‌తో తప్పు కూడా మూకుమ్మడిగానే జరుగుతుంది. ముందు ఐదుగురితో నడిపి, బ్రౌజర్ తెరిచి కళ్లారా చూసి, తర్వాతే మిగతావి వదలాలి. నడిపే ముందు పాత వివరాల నకలు తీసిపెట్టుకోవాలి. తీసేసినవి రీసైకిల్ బిన్‌లో దొరుకుతాయి గానీ, తప్పుగా మార్చిన ఫోన్ నంబర్లు అక్కడ దొరకవు.

తప్పు సందేశాలకు అర్థం

400 వస్తే అడిగిన తీరులో తప్పు. ఫీల్డు పేరు తప్పు రాశారు లేదా తప్పనిసరి ఫీల్డు వదిలేశారు. మనం కొత్తగా చేసుకున్న ఫీల్డుల పేర్ల చివర రెండు అండర్‌స్కోర్లు, సీ అక్షరం వస్తాయని మర్చిపోవడం ఇందులో మామూలు తప్పు.

401 అంటే సెషన్ గడువు తీరింది, మళ్లీ లాగిన్ కావాలి.

403 అంటే అనుమతి లేదు, లేదా ఆ రోజు కోటా అయిపోయింది.

404 అంటే ఆ ఐడీతో రికార్డు లేదు.

వీటికి లైబ్రరీలో వేర్వేరు ఎక్సెప్షన్లు ఉన్నాయి. ప్రతిదానికీ ఏం చేయాలో ప్రోగ్రాంలో రాయాలి. తప్పు రాగానే మింగేసి ముందుకెళ్లే ప్రోగ్రాం అన్నిటికన్నా ప్రమాదం. నెల తర్వాత గానీ సంగతి బయటపడదు.

తాళంచెవి జాగ్రత్త

కీ, సీక్రెట్, టోకెన్, పాస్‌వర్డ్ ఏవైనా ప్రోగ్రాం ఫైలులో రాయకూడదు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టి అక్కడి నుంచి చదివించాలి. ప్రోగ్రాంను గిట్‌హబ్‌లో పెట్టినప్పుడు తాళంచెవి కూడా దాంతోపాటే బయటికి పోతుంది. తర్వాత ఆ లైను తుడిచేసినా పాత చరిత్రలో ఉండిపోతుంది. అలా జరిగిందని తెలిస్తే తుడుస్తూ కూర్చోకుండా ముందు సీక్రెట్ మార్చేయాలి. తాళంచెవులను వాట్సాప్ గ్రూపుల్లో పంపుకునే అలవాటు కూడా మానాలి.

ప్రోగ్రాం కోసం విడిగా ఒక యూజర్‌ను చేసి, అవసరమైన ఆబ్జెక్టులకే అనుమతి ఇవ్వాలి. పేర్లు చదివే పనికి డిలీట్ అధికారం ఎందుకు?

2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో, వ్యక్తిగత వివరాలకు తగిన రక్షణ కల్పించని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. చట్టం సంగతి అటుంచితే, కస్టమర్ తన ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు నమ్మి ఇచ్చిన అమానత్. షాపులో పుస్తకం ఉన్నప్పుడు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. ఇప్పుడు పుస్తకం ఇంటర్నెట్‌లో ఉంది, అంతే తేడా.

నేర్చుకునేవాళ్లకు

వేలకు వేలు ఫీజు కట్టే ముందు సేల్స్‌ఫోర్స్ సొంతంగా నడిపే ట్రెయిల్‌హెడ్ చూడాలి. 2014లో మొదలైన ఈ పాఠాలు ఉచితం. పైథాన్ మూలసూత్రాలు వచ్చినవాళ్లు డెవలపర్ ఎడిషన్ తీసుకుని ఒక చిన్న ప్రాజెక్టు చేయొచ్చు. కల్పిత పేర్లతో 200 మంది కస్టమర్ల ఫైలు తయారుచేసి, అందులో కావాలనే ఒకే పేరున్నవాళ్లనూ, ఒకే ఫోన్ ఉన్నవాళ్లనూ, ఒక్క మాట పేర్లనూ కలపాలి. దాన్ని అప్సర్ట్‌తో ఎక్కించి, ప్రోగ్రాంను రెండోసారి నడపాలి. రెండోసారి కూడా రికార్డులు 200 మాత్రమే ఉంటే పని సరిగ్గా వచ్చినట్టు. 201 అయితే ఎక్కడో ఒక మనిషి ఇద్దరయ్యాడు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ప్రాజెక్టు గురించి వివరంగా చెప్పగలిగితే, పని తెలిసిన మనిషని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది.

జోహో సీఆర్‌ఎం లాంటి మరో సేవ వాడినా, వేరే లైబ్రరీ వాడినా కమాండ్ల పేర్లే మారతాయి. మనిషికి ఒక నంబరు, తాళానికి ఒక చోటు, ప్రతి జవాబునూ చూసుకునే ఓపిక ఎక్కడైనా కావాల్సిందే.